ముందు ఇంట నున్నదేమి?

నెల మొదటి తేదీ వచ్చినతోడనే ప్రతి సంసారి చేయు పని యొకటి కలదు. కాగితము, కలము తీసికొని పచారీ సరకుల పట్టీ వ్రాయుటకు కూర్చుండును. కందిపప్పు రెండు కిలోలు, మినపపప్పు కిలో, చింతపండు అరకిలో అని గృహిణి చెప్పుచుండగా గృహస్థు వ్రాయుచుండును. పోయిన నెల పట్టీయే ఈ నెలకును పట్టీ యగుట కూడ కద్దు. వ్రాయుటకు ముందు వంటింటిలోనికి పోయి డబ్బాల మూతలు తీసి చూచువారు బహు తక్కువ.

విద్యార్థులారా! నేను చెప్పబోవునది, మా యింట ఆ పట్టీ వ్రాయుటకు వీలులేకపోయిన కొన్ని మాసముల వృత్తాంతము.

1972వ సంవత్సరమున నేను ఎనిమిదవ తరగతి చదువుచుంటిని. అనగా అప్పుడు నాది మీ యీడే. పశ్చిమ గోదావరి జిల్లాలో నొక చిన్న పట్టణమున మా నాన్నగారు తాలూకా కచేరీలో గుమాస్తాగా నుండిరి. ఇంట ఆరుగురము: మామ్మ, నాన్నగారు, అమ్మ, నేను, చెల్లెలు, తమ్ముడు. సెంటు భూమి లేదు. పెరటిలో రెండు అరటిపిలకలు, ఒక మునగచెట్టు, ఆనపపాదు తప్ప వేరు ఆస్తి లేదు. ఆ యేడు దేశమున పెక్కుచోట్ల వానలు కురియక కరవు వచ్చెను, ధరలు పెరుగుచుండెను. దానికి తోడు డిసెంబరు మాసమున, జై ఆంధ్ర ఉద్యమ సందర్భమున, ఆంధ్ర ప్రాంతపు ఎన్.జి.ఓ.లు సమ్మెకు దిగిరి. అది మూడు నెలలకు పైగా సాగెను. ఆ ఉద్యమము ఎందుకు పుట్టెనో, ఎట్లు ముగిసెనో మీరు చరిత్ర పాఠమున చదువుకొందురు. మా యింటికి మాత్రము దాని యర్థము ఒక్కటే. జనవరి మొదటి తేదీన జీతము రాలేదు. బడులును మూతపడియుండుటచే నేను ఇంటనే యుండి జరిగినదంతయు చూచితిని.

పచారీ కొట్టులో మాకు ఖాతా యుండెను. ఆ కొట్టు యజమాని మంచివాడు. నాన్నగారు వెళ్ళి నిలుచుండగనే, "గుమాస్తాగారూ! మీ యొక్కరికే అయిన ఇవ్వగలను. వీథిలో సగము ఇండ్లు కచేరీ జీతముల మీద బ్రదుకునవియే. నాకు సరకు నిచ్చువారు అరువు మానివేసిరి" అని చేతులు జోడించెను. పాత బాకీ 63 రూపాయలు పద్దులో నుండగా క్రొత్త పద్దు వ్రాయుమని అడుగుటకు నాన్నగారికి నోరు రాలేదు. ఆయన వట్టి సంచితో తిరిగివచ్చిరి.

అమ్మ తన చేతి గాజుల వంక చూచుకొనెను. మామ్మ ఆ చూపును గమనించి, "అమ్మాయీ! గాజుల సంగతి తరువాత చూతము. ముందు ఇంట నున్నదేమో చూడవలదా?" అనెను.

ఆ యపరాహ్ణమున మేమందరము వంటింటిలో చేరితిమి. మామ్మ పీట వేసికొని కూర్చుండి, ఉట్టిమీది కుండలు మొదలు అటక మీది జాడీల వరకు ఒక్కొక్కటియే దింపించి మూతలు తీయించెను. నేను కాగితము పట్టుకొని వ్రాసితిని. అది కొనవలసిన వాని పట్టీ కాదు, ఉన్న వాని పట్టీ. బియ్యము ముప్పాతిక బస్తా. నూకలు కుంచెడు. కందిపప్పు రెండు సోలలు. పోయిన వేసవిలో పట్టిన ఆవకాయ, మాగాయ చెరి సగము జాడీ. దోసవరుగులు, గుమ్మడి వడియములు, ఊరుమిరపకాయలు. ఉలవలు మానెడు. అటక మూల, పాత గోనె వెనుక, మేమెవరమును ఎరుగని పెసల డబ్బా యొకటి బయటపడెను. రమారమి మూడు కిలోలు, సగము పురుగుపట్టియున్నవి. ధనియములు మూడు పొట్లములు దొరకినవి. మొదటి పొట్లము కనబడక రెండవది, రెండవది కనబడక మూడవది తెప్పించిరన్నమాట.

అమ్మ సిగ్గుపడెను. మామ్మ కోపపడలేదు. "ఇది నీ తప్పు కాదు. వెనుక నున్నది కంటికి కనబడదు, కంటికి కనబడనిది ఇంట లేనట్లే" అని, ఆనాటినుండి పాతది ముందునకు, క్రొత్తది వెనుకకు పెట్టవలెనని కట్టడి చేసెను. వ్యాపారము తెలిసిన కొట్టువారు తమ సరకును ఇట్లే సర్దుకొందురని నాకు పెద్దయిన పిదప తెలిసినది. పురుగుపట్టిన పెసలను ఎండలో పోసి, చేటతో చెరిగి, నీటిలో వేయగా గుల్లలైన గింజలు పైకి తేలెను. వానిని తీసివేయగా రెండు కిలోలకు పైగా గట్టిగింజ మిగిలెను. మరునాటి ప్రొద్దున పెసరట్లు! సమ్మెలో పండుగ వచ్చినట్లు తమ్ముడు గంతులు వేసెను.

ఇక మామ్మ వంట యెట్లు సాగెనో చెప్పెదను. ఆమె మొదట అడుగు ప్రశ్న "ఈ పూట ఏమి వండుదము?" అనునది కాదు; "ఈ పూట చెడిపోవుటకు సిద్ధముగా నున్నదేది?" అనునది. దానిని బట్టియే వంట నిర్ణయింపబడుచుండెను. పెరుగు పులిసినచో ఆనాడు మజ్జిగపులుసు. మధ్యాహ్నపు ముద్దపప్పు మిగిలినచో రాత్రికి పప్పుచారు. వంకాయలు వడలినచో వానిని కాల్చి పచ్చడి. నేయి కాచిన గిన్నె అడుగున గసి యుండును గదా. అందు కొంచెము బెల్లము వేసి పిల్లలకు తలయొక వ్రేలెడు నాకించి, ఆ గిన్నెలోనే వేడి అన్నము కలిపెడిది.

కూరగాయలలో పారవేయునది యేది, వండునది యేది అనుటలో మామ్మకును మనకును లెక్క వేరు. బీరకాయ చెక్కి తీసిన పొట్టును నూనెలో మగ్గించి, మిరపకాయలు, చింతపండు చేర్చి నూరినచో కమ్మని పచ్చడి యగును. లేత ఆనపకాయ తొక్కయు అంతే. మినపపప్పు నానబెట్టి కడుగగా వచ్చిన పొట్టును రుబ్బి వడియములు పెట్టుదురు. ఇక అరటి యున్నదే, అది మహాదాత. సంక్రాంతి నాటికి మా పెరటిలో నొక గెల దిగెను. కాయలు కొన్ని పండవేసి, కొన్ని కూర వండిరి. కాయ తొక్కలను ఉడికించి పచ్చడి చేసిరి. పువ్వును విప్పి, ప్రతి చిన్నపూవు నడుమ నున్న గట్టి కాడను, దాని ప్రక్కనున్న పలుచని రేకను తీసివేయు పని నాకును చెల్లెలికిని పడెను. చేతులు నల్లబడినవి. తరిగిన పువ్వును నల్లబడకుండుటకై మజ్జిగనీటిలో వేసి, తరువాత ఉడికించి ఆవపెట్టిరి. గెల కోసిన చెట్టు మరల కాయదు గదా. దానిని నరికి, పొరలు వలువగా నడుమ తెల్లని దూట వచ్చెను. దానిని చక్రములుగా కోయుచు, తెగిన ప్రతిసారి సాగు నారను వ్రేలికి చుట్టుకొని లాగివేయవలెను. దూట పెరుగుపచ్చడి రెండు పూటలు వచ్చెను. పై పట్టలను ఎండబెట్టి నార తీసి చెల్లెలు పూలు కట్టుకొనెను. మిగిలినది పొరుగింటి గేదె తినెను. ఆ గేదె పాలలో గిద్దెడు మజ్జిగ రూపమున మా యింటికి వచ్చుచుండెను.

అన్నము సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. ఆ రోజులలో అన్నము వార్చుట వాడుక. వార్చిన గంజిలో ఉప్పు, మజ్జిగ చేర్చి త్రాగుచుంటిమి. కొంత నాన్నగారి చొక్కాలకు పోవుచుండెను. బియ్యము కడిగిన మొదటి నీరు గేదె కుడితికి, రెండవ నీరు పులుసునకు. నూకలతో ఉప్మాయో, జావయో. రాత్రి మిగిలిన అన్నమును మునుగునంత నీరు పోసి, కొంచెము మజ్జిగ చిలకరించి, మట్టికుండలో మూతపెట్టి యుంచెడివారు. తెల్లవారునప్పటికి అది చద్దియన్నము. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఊరగాయ ముక్క తోడుగా పిల్లలకు అదియే ప్రాతర్భోజనము. కొన్ని యిండ్లలో అన్నము, గంజి కలిపి పులియబెట్టు తరవాణి కుండ వేరుగా నుండెడిది.

ఇందలి శాస్త్రము మామ్మ యెరుగదు, మీరు తెలిసికొనవలెను. మజ్జిగలో లాక్టిక్ ఆమ్లమును పుట్టించు సూక్ష్మజీవులు గలవు. అవి రాత్రియంతయు అన్నములోని పిండిపదార్థము మీద పనిచేసి దానిని పులియజేయును. పులుపు చేరినచోట అన్నమును చెరచు క్రిములు తేలికగా పెరుగజాలవు. వడియములు, వరుగులు నిలువ యుండుటకు కారణము వేరు. ఎండలో నీరు హరించుటయు, ఉప్పు చేరుటయు వలన క్రిములకు కావలసిన తేమ దొరకదు. ఆవకాయలో ఉప్పు, కారము, నూనె, మామిడి పులుపు అన్నియు కలిసి కాపలా కాయును. ఇవి మన పూర్వులు రుచికొరకు మాత్రమే చేసినవి కావు. 1832-33లో గుంటూరు సీమను పాడుచేసిన కరవును, 1876-78లో రాయలసీమను పీల్చివేసిన కరవును చవిచూచిన జాతికి, పండిన కాలమున ఎండబెట్టి దాచుట ప్రాణరక్షణోపాయము.

అయితే పాతదంతయు పవిత్రమని తలపకుడు. ఈ విషయమున నేటి విజ్ఞానము చెప్పినది మామ్మ మాటకన్న మిన్న. వండిన అన్నమును ఊరక గదివేడిమిలో గంటల తరబడి విడిచినచో, ఉడుకునప్పుడు చావక మిగిలిన బాసిల్లస్ సీరియస్ అను క్రిమి బీజములు మొలచి విషమును పుట్టింపవచ్చును. వానిలో నొక విషము మరల కాచినను పోదు. కనుక మిగిలిన అన్నమును రెండు గంటలలోపల చల్లార్చి ఫ్రిజ్‌లో నుంచవలెను. మరల తినునప్పుడు పొగలు వచ్చునట్లు కాచి, ఒక్కసారిగా ముగింపవలెను. జిగురు సాగినను, వింత వాసన వచ్చినను పారవేయుటయే లాభము. వైద్యునికి ఇచ్చు రుసుము అన్నము వెలకంటె ఎక్కువ. బూజుపట్టిన వేరుసెనగలను ఏరి బాగుచేయ చూడవలదు. 1960లో ఇంగ్లండు దేశమున లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణము తెలియక చచ్చెను. పరిశోధింపగా, వాని మేతలోని బూజుపట్టిన వేరుసెనగ పిండియందు అఫ్లటాక్సిన్ అను విషము బయటపడెను. మామ్మ ఈ పేరు వినలేదు. కాని బూజు కనబడిన గింజలను పెంటకుప్పలో వేయించుటకు ఆమె యెన్నడును సందేహింపలేదు. పొదుపరికిని పిసినారికిని భేదము ఇచట తెలియును.

ఇంకొక భేదము కూడ ఆమె పాటించెడిది. గిన్నెలో మిగిలినది వేరు, కంచములో విడిచినది వేరు. గిన్నెలోనిది రేపటి వంటకు ముడిసరకు. కంచములోనిది ఎంగిలి, దానికి రేపు లేదు. అందుచే ఆమె మొదట కొంచెమే వడ్డించి, "మారు వేయనా?" అని అడిగి మరల వడ్డించెడిది. తమ్ముడు, "మామ్మా! కంచము నిండుగా వేయవేమి?" అని అలిగినప్పుడు, "నాలుగుసార్లు వేసెదను నాయనా, నాలుగుసార్లు తినుము" అని నవ్వెడిది. పెండ్లి భోజనములలో ఆకు నిండ ఒక్కసారి కుమ్మరించి పోవు నేటి వడ్డనను చూచినప్పుడెల్ల నాకు ఆ మాట జ్ఞప్తికి వచ్చును.

ఇంతవరకు చెప్పినది వినుటకు ఇంపుగానే యున్నది. ఇక ఇంపుకానిది చెప్పవలెను.

ఫిబ్రవరి వచ్చెను. బియ్యము తరిగినది. అమ్మ గాజులలో ఒక జత కుదువకు పోయి, ఒక బస్తా బియ్యముగా మారి వచ్చెను. రెండవ జత మిగిలియుండెను. దినదినము చద్దియన్నము తినుటకు నాకు విసుగు పుట్టెను. విసుగుకంటె సిగ్గు ఎక్కువ. ఎదురింటి బాలుడు హోటలు ఇడ్డెనలు తెప్పించుకొని అరుగుమీద కూర్చుండి తినుచుండును. నేను లోపల చద్ది తినుచుందును. ఒకనాటి ఉదయమున వంటింటిలో ఎవరును లేరు. చెల్లెలు, తమ్ముడు తిని లేచిరి. నేను నా గిన్నెలోనిదియు, కుండలో మిగిలినదియు కలిపి తీసికొనిపోయి, దొడ్డిగోడ మీదుగా పొరుగింటి కుడితి తొట్టిలో పోసివేసితిని. కుండ కడిగి బోర్లించి, ఏమియు ఎరుగనట్లు వచ్చి పుస్తకము తెరచితిని.

కొంతసేపటికి మామ్మ, "అమ్మాయీ! కుండ బోర్లించియున్నదేమి?" అని అడిగెను.

అమ్మ ఒక్క క్షణము ఆగి, "నేనే తింటిని, అత్తయ్యగారూ" అనెను.

నాకు గుండె జల్లుమనెను. అమ్మ ఎందుకు అబద్ధమాడెను? నన్ను దాచుటకని తోచెను. కాని మామ్మ నా వంక చూడలేదు. అమ్మ ముఖము వంక చూచుచు, "నిన్న రాత్రి నీవు తినినది మారు వడ్డనకు ముందా, వెనుకనా?" అని నెమ్మదిగా ప్రశ్నించెను. అమ్మ మాటాడలేదు. "మొన్న?" అమ్మ కన్నులు వాల్చెను.

అప్పుడు నాకు అర్థమైనది. రాత్రి అందరును తినిన పిమ్మట గిన్నెలో మిగిలినదానిని అమ్మ తినక, నీరు పోసి కుండలో పెట్టుచుండెను. ఉదయము మేము తినగా మిగిలినది ఆమె తినుచుండెను. మా యింట పొదుపు చక్కగా సాగుచున్నదని నేను పట్టీలో వ్రాసికొన్న లెక్కలో, ఒక మనిషి రాత్రిభోజనము జమ వైపు చేరియున్నది. ఆనాడు ఆ ప్రాతర్భోజనము కూడ గేదెకు పోయెను.

నేను లేచి నిలుచుండి, చేసినది చెప్పివేసితిని. దెబ్బలు పడునని తలచితిని. నాన్నగారు తలవంచుకొని చాలసేపు మాటాడకుండిరి. ఆ మౌనము కంటె దెబ్బలే నయము.

మామ్మ నన్ను తిట్టలేదు. "తప్పు వీనిది కొంత. నాది ఎక్కువ. మిగిలినదెంత అని చూచితిని గాని, ఎవరు తినగా మిగిలినదని చూడనైతిని" అని తన్ను తానే నిందించుకొనెను. ఆనాటినుండి మా యింట క్రొత్త కట్టడి వచ్చెను. రాత్రి ఆరు కంచములు ఒక్కసారి పెట్టవలెను. అమ్మ కూడ వరుసలో కూర్చుండవలెను. గిన్నెలు నడుమ నుండును, ఎవరికి కావలసినది వారు వేసికొందురు. మిగిలినది ఏ ఒక్కరి వాటాయు కారాదు. మరునాడు అది చద్దియైనను, తాలింపు అన్నమైనను, వడియమైనను, ఆరుగురి కంచములలో పడవలెను. ఆ కాలమున కోడలు అత్తమామల ప్రక్కన కూర్చుండి తినుట మా వీథిలో వింత. పొరుగువారు చెవులు కొరుకుకొనిరి. మామ్మ లక్ష్యపెట్టలేదు.

కట్టడి మారిన తరువాత మిగులు తగ్గెను! ఏలయన, ఆరుగురి ఆకలిని బట్టి అన్నము వండుట అప్పటికి గాని మొదలు కాలేదు. అంతకుముందు అమ్మ తన వంతు లెక్కలో వేసి వండి, తన వంతునే మిగిల్చుచుండెను. ఇంట పొదుపు చేయవలెనని ముచ్చటపడు పెద్దలు ఈ సంగతి గమనింపవలెనని నా కోరిక. తల్లి కడుపు మాడ్చి మిగిల్చిన బియ్యము మిగులు కాదు, అప్పు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలెను. దానికి కారణములు పెక్కు గలవు. అందరును తినిన పిదప, ఉన్నదానితో సరిపెట్టుకొనుట వానిలో నొకటి.

నేడు చాల యిండ్లలో ఇట్టి లేమి లేదు, అది సంతోషకరమే. లేమి పోయినను మిగులు పోలేదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమము 2024లో ప్రకటించిన నివేదికను బట్టి, 2022లో లోకమున రమారమి 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమయ్యెను. అందులో నూటికి 60 పాళ్ళు హోటళ్ళలోను, అంగళ్ళలోను కాదు, ఇండ్లలోనే! పెద్ద సంఖ్యలు మనసున కెక్కవు గనుక చిన్న లెక్క వేయుదము. ఒక యింట దినమునకు 100 గ్రాముల అన్నము, అనగా ఒక పెద్ద పిడికెడు, పారవేయుచున్నారనుకొనుడు. ఏడాదికి 36 కిలోల 500 గ్రాములు. బియ్యము ఉడికిన పిదప రెండున్నర, మూడు రెట్లు తూగును. కనుక ఇది దాదాపు 13 కిలోల బియ్యము. అంత బియ్యమునకు ఇంచుమించు 20 కిలోల వడ్లు కావలెను. కిలో వడ్లు పండుటకు సగటున 2,500 లీటర్ల నీరు పట్టునని శాస్త్రజ్ఞుల అంచనా. ఇరువది కిలోలకు ఎంతయో మీరే గుణించుడు. కాలువ చివరి భూములకు నీరు చాలక రైతు రాత్రులందు లాంతరు పట్టుకొని కాపలా కాయు ప్రాంతమునుండి వచ్చినవాడను గనుక, ఆ గుణకారము నాకు తేలికగా చేయబుద్ధి పుట్టదు.

మామ్మకు ఫ్రిజ్ లేదు. అందుచే ఆమె దేనిని మరచుటకు వీలు లేకపోయెను. మనకు ఫ్రిజ్ యున్నది. దానిలో పెట్టితిమి గదా అని మరచుచున్నాము. నాలుగు దినముల పిదప వెనుక మూలనుండి గిన్నె తీసి, మూత యెత్తి, ముక్కు మూసికొని పారవేయుచున్నాము. మా యింట ఇప్పుడు ఫ్రిజ్ తలుపునకు చిన్న కాగితము అంటించి, లోపల నున్న మిగులు పేరు, పెట్టిన తేదీ వ్రాయుచున్నాను. మనుమరాలు నవ్వును. నవ్వుచునే, తేదీ దాటకముందే, ఇడ్డెనలను చిదిపి ఉప్మా చేయించుకొని తినును. చద్దియన్నము కొరకు నేను సిగ్గుపడిన మాట చెప్పగా ఆమె నమ్మలేదు. నేడు నగరములలో హోటళ్ళవారు దానిని మట్టికుండలలో పెట్టి, వెల కట్టి అమ్ముచున్నారట!

సమ్మె మార్చిలో ముగిసెను. మా పచారీ బాకీ 63 రూపాయలనుండి 91 రూపాయలకు మాత్రమే పెరిగెను. ఉప్పు, కిరసనాయిలు, కొంచెము పప్పు, నూనె తప్ప మేము తెచ్చినది లేదు. అమ్మ రెండవ జత గాజులు చేతులనే యుండెను.

మే మొదటి తేదీన నాన్నగారు నిండు జీతముతో వచ్చిరి. అది క్రొత్త ఆవకాయ పట్టు కాలము. మామిడికాయలు, ఆవాలు, నూనె, కారము. వ్రాయవలసినవి చాల కలవు. నాన్నగారు కాగితము, కలము తీసికొని ఉత్సాహముతో కూర్చుండి, "చెప్పమ్మా!" అనిరి. మామ్మ పలుకలేదు. పీట వేసికొని ఒక్కొక్క డబ్బా మూత తీయుచుండెను. చివరకు పాత ఆవకాయ జాడీ చేతికి వచ్చెను. ముక్కలు అయిపోయినవి, గోడలకు పిండియు, అడుగున ఎర్రని నూనెయు అంటియున్నవి. "అమ్మాయీ! అన్నము దిగెనా?" అని అడిగి, వేడివేడి అన్నము తెప్పించి జాడీలో వేసి, చేయి పట్టినంతవరకు లోనికి పెట్టి కలిపి, ఆరు ముద్దలు చేసెను. మేము ముగ్గురమును చేతులు చాచితిమి. మామ్మ మమ్ము దాటి, మొదటి ముద్దను అమ్మ చేతిలో పెట్టెను.

పట్టీ ఆ పిమ్మట వ్రాసిరి.